ఏరివేత సరుకు ఇంటి గుమ్మానికి: వృథా తగ్గేదెంత, లాభం ఎవరికి?

వంకర తిరిగిన దోసకాయ, తొక్కపై మచ్చ పడిన ఆపిల్, రెండు కాళ్లుగా చీలిన క్యారట్, సైజు చాలని నారింజ. రుచిలో గాని, పోషణలో గాని ఇవి మొదటి రకం సరుకుకు తీసిపోవు. అయినా అమెరికాలోని పెద్ద దుకాణాల అరలలో వీటికి చోటు దొరకడం అరుదు. ఈ సరుకును తోటల వద్ద, ప్యాకింగు షెడ్ల వద్ద తక్కువ ధరకు ఎత్తి, అట్టపెట్టెలలో సర్ది, వారం వారం ఇళ్లకు చేరవేసే వ్యాపారం అక్కడ 2015 నుంచి పెద్ద ఎత్తున సాగుతోంది. వినియోగదారుకు ఆదా, రైతుకు అదనపు రాబడి, దేశానికి వృథా తగ్గుదల అనేవి ఈ వ్యాపారం చెప్పే మూడు మాటలు.

మూడూ ఒకేసారి నిజం కాగలవా? కూరగాయలు, పండ్ల వర్తకులకు, కమీషన్ ఏజెంట్లకు ఈ ప్రశ్న ముఖ్యమైనది. రెండో రకం సరుకుకు కొత్త ఖరీదుదారు వచ్చినప్పుడు మొదటి రకం ధర, ఫ్యాక్టరీ ధర, చిల్లర ధర మూడింటిపైనా దాని ప్రభావం పడుతుంది.

గ్రేడు ఎందుకు పుట్టింది?

సరుకును కంటితో చూసి, చేతితో పట్టి బేరమాడే చోట గ్రేడుతో పెద్దగా పని లేదు. కొనేవాడు ఒక ఊళ్లో, అమ్మేవాడు వెయ్యి మైళ్ల దూరంలో మరో ఊళ్లో ఉన్నప్పుడు సరుకు ఎలాంటిదో ఇద్దరికీ ఒకే అర్థమిచ్చే మాట కావాలి. అమెరికా వ్యవసాయ శాఖ 1917లో బంగాళాదుంపలకు గ్రేడు ప్రమాణాలు ప్రకటించింది ఈ అవసరం కోసమే. రైలులో వెళ్లిన సరుకు గమ్యం చేరాక, ధర పడిపోయిందన్న కారణంతో ఏదో లోపం చూపి వెనక్కు తిప్పే ఖరీదుదారుల నుంచి అమ్మకందార్లకు రక్షణగా 1930లో త్వరగా చెడిపోయే వ్యవసాయ సరుకుల చట్టం వచ్చింది. మన దేశంలో 1937లో వచ్చిన వ్యవసాయోత్పత్తుల గ్రేడింగు, మార్కింగు చట్టం, దాని కింద వచ్చిన ఆగ్‌మార్క్ ముద్ర ఇదే కోవకు చెందినవి.

కాబట్టి గ్రేడు అందం కోసం పుట్టినది కాదు. తగాదా లేకుండా బేరం కుదరడానికి పుట్టినది. ఐరోపా వారి దోసకాయ నియమం ఇందుకు మంచి ఉదాహరణ. 1988లో వచ్చిన ఆ నియమం ప్రకారం మొదటి తరగతి దోసకాయ వంపు ప్రతి 10 సెంటీమీటర్ల పొడవుకు 10 మిల్లీమీటర్లకు మించరాదు. పత్రికలు దీనిని చాలాకాలం ఎగతాళి చేశాయి. కాని వర్తకుని కంటికి దానిలో అర్థముంది. తిన్నని కాయలు పెట్టెలో వరుసగా పడతాయి. పెట్టెకు ఎన్ని కాయలో విప్పకుండానే తెలుస్తుంది. దారిలో ఒరుసుకుని దెబ్బతినడం తక్కువ. వంకర కాయ చెడ్డది కాదు, పెట్టెలో చోటు ఎక్కువ తింటుంది. రవాణా ఖర్చు బరువుతో పాటు చోటును బట్టి కూడా ఉంటుంది.

ఐరోపా సమాజం 2009 జూలై 1 నుంచి దోసకాయ, క్యారట్ సహా 26 రకాల పండ్లు, కూరగాయలపై ఇటువంటి ప్రత్యేక నియమాలను ఎత్తివేసింది. ఆపిల్, టమాటా, ద్రాక్ష, నిమ్మజాతి పండ్లు వంటి 10 రకాలకు మాత్రం కొనసాగించింది. అంతమాత్రాన వంకర కాయలు దుకాణాలను ముంచెత్తలేదు. ప్రభుత్వ నియమం పోయినా, పెద్ద దుకాణాలు తమ సరఫరాదార్లకు విధించే సొంత షరతులు పోలేదు. అమెరికాలోనూ పెద్ద దుకాణాల కొనుగోలు షరతులు చాలా సందర్భాలలో ప్రభుత్వ గ్రేడు కంటె కఠినంగా ఉంటాయి. సరుకును ఏరివేసేది చట్టం కంటె ఎక్కువగా ఖరీదుదారే అన్నమాట.

చేనులో మిగిలేది, షెడ్డులో మిగిలేది

ఏరివేత సరుకు అంతా ఒక్కటి కాదు. చేనులోనే కోయకుండా వదిలేసేది ఒక భాగం. కోసి, షెడ్డు దాకా తెచ్చి, అక్కడ గ్రేడింగులో పక్కన పెట్టేది మరో భాగం. ఈ రెంటికీ లెక్కలు వేరు.

కాలిఫోర్నియాలోని శాంటా క్లారా విశ్వవిద్యాలయ పరిశోధకులు చేలలో కొలిచి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 20 రకాల పంటలలో సగటున మార్కెట్‌కు వెళ్లిన దిగుబడిలో 31 శాతానికి సమానమైన సరుకు చేనులోనే మిగిలిపోతోంది. రూపం ఒక్కటే ఇందుకు కారణం కాదు. కోత రోజున ధర పడిపోవడం, కూలీలు దొరకకపోవడం, సైజు దాటిపోవడం కూడా కారణాలే.

లెక్క సులువుకు ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. కిలోకు కోత కూలి 3 రూపాయలు, గ్రేడింగు, ప్యాకింగు 3 రూపాయలు, రవాణా, కమీషన్ 4 రూపాయలు అనుకుందాం. మొత్తం ఖర్చు 10 రూపాయలు. మొదటి రకం 18 రూపాయలకు పోతే రైతుకు 8 రూపాయలు మిగులుతుంది. రెండో రకం 9 రూపాయలకు పోతే రూపాయి నష్టం. అటువంటప్పుడు రెండో రకాన్ని చేనులో వదిలి దున్నేయడమే లాభసాటి. మొదటి రకం ధర కూడా 9 రూపాయలకు దిగితే మంచి సరుకు సైతం చేనులోనే ఉండిపోతుంది. ఆ రోజు వృథా అయ్యే సరుకుకు వంకర లేదు, మచ్చ లేదు. ధర మాత్రమే లేదు.

షెడ్డు దాకా వచ్చిన సరుకు సంగతి వేరు. దానిపై కోత కూలి, గ్రేడింగు ఖర్చు అప్పటికే పడిపోయాయి. ఇక రసం ఫ్యాక్టరీ గాని, పశువుల దాణాకు కొనేవారు గాని ఇచ్చే ధర కంటె ఒక్క రూపాయి ఎక్కువ వచ్చినా షెడ్డు యజమానికి లాభమే. పెట్టెల వ్యాపారికీ ఇక్కడ కొనడమే సులువు. సరుకు ఒక చోట చేరి ఉంటుంది, శుభ్రం చేసి ఉంటుంది, చల్లని గిడ్డంగి దగ్గరే ఉంటుంది. అయితే ఈ సరుకులో చాలా భాగానికి ముందునుంచే ఏదో ఒక గమ్యం ఉంటుంది. ఏ గమ్యమూ లేనిది చేనులో మిగిలిన సరుకు. వృథా తగ్గించామన్న మాటను తూకం వేసేటప్పుడు ఈ తేడాను మరవరాదు.

పెట్టెల వ్యాపారం నడిచిన దారి

ఈ ఆలోచన ఐరోపాలో ముందుగా ఊపందుకుంది. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో 2013లో ఫ్రూటా ఫెయా అనే సహకార సంఘం మొదలైంది. ఆ మాటకు అర్థం వికారపు పండు. సభ్యులు వారానికొకసారి నిర్ణీత చోటుకు వచ్చి తమ బుట్ట తీసుకుపోతారు. 2014లో ఫ్రాన్సులోని ఇంటర్‌మార్షే దుకాణాలు వంకర సరుకుకు ప్రత్యేక అర కేటాయించి 30 శాతం తక్కువ ధరకు అమ్మకానికి పెట్టాయి. బ్రిటన్‌లో ఆస్డా దుకాణాలు 2016లో మూడున్నర పౌన్లకు వంకర కూరగాయల పెట్టె ప్రవేశపెట్టాయి. అదే ఏడాది అమెరికాలో వాల్‌మార్ట్ వాతావరణం వల్ల మచ్చ పడిన వాషింగ్టన్ ఆపిల్ పండ్లను ఫ్లోరిడా దుకాణాలలో అమ్మి చూసింది.

ఇంటికి చేరవేసే పద్ధతిని పెద్దదిగా చేసింది శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో 2015లో మొదలైన ఇంపర్ఫెక్ట్ ప్రొడ్యూస్ సంస్థ. స్థాపకులలో బెన్ సైమన్ అంతకుముందు విద్యార్థిగా ఉండగా కళాశాలలలో మిగిలిన భోజనాన్ని పేదలకు చేర్చే ఉద్యమం నడిపినవారు. మరో స్థాపకుడు రాన్ క్లార్క్ కాలిఫోర్నియా ఆహార నిధుల కోసం తోటల నుంచి ఏరివేత సరుకు సేకరించిన అనుభవం గలవారు. దుకాణం ధర కంటె 30 నుంచి 50 శాతం తక్కువ అన్నది సంస్థ తొలి ప్రచారం. 2018లో ఫిలడెల్ఫియా కేంద్రంగా అభి రమేశ్ స్థాపించిన మిస్‌ఫిట్స్ మార్కెట్ ఈ రంగంలో గట్టి పోటీ అయింది.

2020లో కోవిడ్ వ్యాధి వల్ల జనం దుకాణాలకు వెళ్లడం తగ్గడంతో ఇంటికి చేరే పెట్టెలకు గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. పెట్టుబడులు వెల్లువలా వచ్చాయి. 2021లో మిస్‌ఫిట్స్ మార్కెట్ విలువను మదుపుదార్లు 200 కోట్ల డాలర్లుగా కట్టారు. మరుసటి ఏడాదే ఆ వేడి చల్లారింది. 2022లో మిస్‌ఫిట్స్ మార్కెట్ తన పోటీదారును కొనేస్తున్నట్లు ప్రకటించింది. అప్పటికి ఆ పోటీదారు పేరు ఇంపర్ఫెక్ట్ ఫుడ్స్‌గా మారి ఉంది. 2019లో జరిగిన ఈ పేరు మార్పు వెనుక వ్యాపారపు అసలు కష్టం కనిపిస్తుంది.

కూరగాయలు బరువెక్కువ, విలువ తక్కువ. పెట్టెలో సర్దే కూలి, అట్టపెట్టె ఖరీదు, ఇంటింటికీ తిరిగే బండి ఖర్చు పెట్టెకు ఇంత అని దాదాపు స్థిరంగా ఉంటాయి. లోపల సరుకు ఎంత చవక అయితే ఆ ఖర్చు వాటా అంత ఎక్కువగా కనిపిస్తుంది. తోట వద్ద సగం ధరకు కొన్నా, ఆ ఆదాలో పెద్ద భాగాన్ని చివరి మైలు రవాణా మింగేస్తుంది. దీనికి మందు పెట్టె విలువ పెంచడమే. అందుకే ఈ సంస్థలు గుడ్లు, పాలు, మాంసం, గడువు దగ్గరపడిన డబ్బా సరుకులు, చివరకు మామూలు కిరాణా కూడా పెట్టెలో చేర్చాయి. వంకర సరుకుతో మొదలైన వ్యాపారం క్రమంగా మామూలు కిరాణా సరఫరాకు దగ్గరైంది.

ముందునుంచే ఖాతాదారు ఉన్న సరుకు

పెట్టెల వ్యాపారంపై అమెరికాలో 2018 నాటికి గట్టి విమర్శలు వచ్చాయి. షెడ్డులో పక్కన పెట్టిన సరుకు అంతా చెత్తకుప్పకు పోతున్నట్లు ప్రచారం చేయడం సరికాదన్నది మొదటిది. మచ్చ పడిన ఆపిల్ రసానికి పోతుంది. కొంత సరుకు కోసిన ముక్కలుగా, సూపులుగా, గుజ్జుగా మారుతుంది. కొంత హోటళ్లకు, కొంత దాణాకు పోతుంది. ఈ ధరలు తక్కువే గాని శూన్యం కాదు.

రెండవది దానాల సంగతి. అమెరికాలో ఆహార నిధులు రైతుల నుంచి ఏరివేత సరుకును ఉచితంగా గాని, కోత, ప్యాకింగు ఖర్చు మాత్రం చెల్లించి గాని తీసుకుని పేదలకు పంచుతాయి. దానమిచ్చినవారిని తీవ్రమైన నిర్లక్ష్యం గాని, ఉద్దేశపూర్వకమైన తప్పు గాని లేనంతవరకు దావాల నుంచి కాపాడే చట్టం 1996లో వచ్చింది. ఆహారం దానం చేసిన వ్యాపారానికి అదనపు పన్ను మినహాయింపును 2015 డిసెంబరులో శాశ్వతం చేశారు. దానికీ వెల ఉందన్నమాట. పెట్టెల వ్యాపారి అంతకు మించి ఇస్తే సరుకు అటు మళ్లుతుంది. రైతుకు అది మేలే. పేదల బుట్టలో మాత్రం తరుగు పడవచ్చు.

మూడవది చిన్న రైతుల ఫిర్యాదు. ఊరి చుట్టుపక్కల రైతులు ముందుగా చందా తీసుకుని వారం వారం కూరగాయల బుట్ట ఇచ్చే పద్ధతి అక్కడ ఎంతోకాలంగా ఉంది. పెద్ద తోటల ఏరివేత సరుకు చవకగా ఇంటికి వస్తే ఈ చిన్న రైతుల చందాదారులు తగ్గుతారన్నది వారి ఆందోళన.

ఈ విమర్శలను అన్ని సరుకులకూ ఒకేలా అన్వయించడం కూడా పొరపాటే. కాలిఫోర్నియాలో గుజ్జుకు పోయే టమాటా వేరే రకం. దానిని ఫ్యాక్టరీల కాంట్రాక్టుపై పండించి యంత్రాలతో కోస్తారు. కూరకు పండించే టమాటాలో ఏరివేసినది ఆ ఫ్యాక్టరీల ప్రధాన ముడిసరుకు కాదు. ఆపిల్‌కు రసం దారి ఉంది. ఆకుకూరలకు అటువంటి దారి దాదాపు లేదు. దారి లేని సరుకును ఇంటికి చేర్చినప్పుడే నిజంగా వృథా తగ్గుతుంది.

క్యారట్ చెప్పే పాఠం

ఏరివేత సరుకు చరిత్రలో వర్తకులు గుర్తుంచుకోదగినది క్యారట్ ఉదంతం. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ ప్రాంత రైతు మైక్ యురోసెక్ తన పంటలో విరిగినవి, వంకరవి దాణాకు పోవడం చూసి, 1986లో వాటిని చిక్కుడుకాయలు కోసే యంత్రంతో రెండేసి అంగుళాల ముక్కలు చేయించి, తొక్క తీయించి అమ్మారు. పసి క్యారట్ పేరుతో ఆ ముక్కలు అమెరికా అంతటా పాకాయి. దాణా ధర పలికిన సరుకు మొదటి రకం కంటె ఎక్కువ ధర పలికింది.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. గిరాకీ పెరిగే కొద్దీ రైతులు ఆ ముక్కలకే సరిపడే సన్నని, పొడవాటి క్యారట్ రకాలను ప్రత్యేకంగా సాగు చేయడం మొదలుపెట్టారు. ఏరివేత సరుకుగా మొదలైనది ప్రధాన పంట అయింది. నిలకడైన గిరాకీ, మంచి ధర వచ్చిన రోజున ఏరివేత సరుకు ఏరివేత సరుకుగా ఉండదు. పెట్టెల వ్యాపారం ఎంత బాగా సాగితే దాని చవకతనం అంత తగ్గుతుంది.

వృథాలో పెద్ద వాటా ఇంట్లోనే

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024లో విడుదల చేసిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లు, హోటళ్లు, దుకాణాల స్థాయిలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 63 కోట్ల టన్నులు, అంటే 60 శాతం, ఇళ్లలోనిదే. దుకాణాల వాటా 13 కోట్ల టన్నులు.

ఈ అంకెల వెలుగులో చూస్తే పెట్టెల పద్ధతిలోని ఒక చిక్కు తెలుస్తుంది. ఏమి వస్తుందో తెలియని పెట్టె ఇంటికి వస్తే, ఇంటివారు వండని ముల్లంగి, తినని బీట్‌రూట్ వంటింట్లో కుళ్లిపోతాయి. చేనులో పోవలసిన సరుకు కోత కూలి, అట్టపెట్టె, రవాణా ఖర్చులు పెట్టించి మరీ చెత్తబుట్టకు చేరుతుంది. పెట్టెలోకి ఏ సరుకు కావాలో కొనేవారే ఎంచుకునే ఏర్పాటు ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. కాని ఎంపిక ఇచ్చిన కొద్దీ వ్యాపారి వద్ద ఎవరూ కోరని సరుకు మిగులుతుంది. ఎవరో ఒకరు ఈ తరుగును భరించక తప్పదు.

మన యార్డుల సంగతి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మార్కెట్లలో పరిస్థితి వేరు. మన వద్ద వంకర వంకాయ, చిన్న టమాటా అమ్ముడుపోకుండా ఉండవు. యార్డు పాటలో ధర తగ్గుతుందే గాని కొనేవాడు ఉంటాడు. హోటలు, తోపుడు బండి, వారపు సంత, పచ్చళ్లవారు తలా ఒక రకం ఎత్తుకుంటారు. గ్రేడుకు ఒక ధర, ఆ ధరకు ఒక ఖాతాదారు ఉన్న పాత ఏర్పాటు ఇది. అమెరికా పెట్టెల వ్యాపారం కొత్తగా చేస్తున్న పనిని మన తోపుడు బండి ఎప్పటినుంచో చేస్తోంది.

మన నష్టం వేరేచోట ఉంది. లూథియానాలోని కేంద్ర కోతానంతర సాంకేతిక పరిశోధన సంస్థ 2015 నివేదిక ప్రకారం కోత నుంచి చిల్లర దాకా టమాటాలో 12.44 శాతం, జామలో 15.88 శాతం పోతోంది. కోతలో, ఎగుమతి దిగుమతుల్లో తగిలే దెబ్బలు, ఎండ, నిల్వ వసతి లేమి దీనికి కారణాలు. వీటికి తోడు ఒకేసారి వెల్లువెత్తే రాబడి ఉంది. 2023 జూలైలో చిల్లరలో కిలో 100 రూపాయలు దాటిన టమాటా, కొత్త పంట దిగిన కొద్ది వారాలకే కోత ఖర్చు రాని స్థితికి చేరింది. ఆ సమయంలో రైతులు పారబోసిన సరుకు రూపంలో లోపమున్నది కాదు.

ఫ్యాక్టరీ దారి ఒక్కదానినే నమ్ముకుంటే ఏమవుతుందో 2025లో చిత్తూరు తోతాపురి మామిడి చూపింది. గుజ్జు ఫ్యాక్టరీలే ప్రధాన ఖాతాదార్లయిన ఈ రకానికి గిరాకీ తగ్గడంతో, ప్రభుత్వం కిలోకు 12 రూపాయల ధర నిర్ణయించి, అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలు, 4 రూపాయలు తాను భరించేలా ఏర్పాటు చేయవలసి వచ్చింది. కొనే దారి ఒక్కటే అయినప్పుడు ధర కొనేవాడి చేతిలో ఉంటుంది. రెండో రకానికి రెండో ఖాతాదారు విలువ ఇక్కడే తెలుస్తుంది.

మన నగరాలలోనూ కూరగాయలు ఫోనులో ఆర్డరు చేసి ఇంటికి తెప్పించుకోవడం మామూలైంది. ఈ సంస్థలు వినియోగదారు చూడకుండా కొనే సరుకు అమ్ముతాయి. ఫిర్యాదు రాకుండా ఉండాలంటే ఒకే సైజు, మచ్చలేని సరుకు కావాలి. అంటే మన మార్కెట్లలోనూ ఏరివేత పెరిగే అవకాశమే ఎక్కువ. ఆ ఏరివేత సరుకు యార్డుకు తిరిగి వచ్చి రెండో రకం ధరను అణచకుండా, దానికి వేరే గమ్యం ముందే చూసుకోవడం వర్తకులకు అవసరమవుతుంది.

బేరానికి ముందు చూడవలసినవి

రెండో రకం సరుకులో కొత్త బేరానికి దిగేవారు మూడు లెక్కలు వేసుకోవాలి. మొదటిది, ఆ సరుకుకు ఇప్పుడున్న గమ్యం ఏది, అక్కడ పలికే ధర ఎంత. అదే కొనుగోలు ధరకు అడుగు. రెండవది, సర్దుబాటు, రవాణా ఖర్చు సరుకు ఖరీదులో ఎన్నో వంతు. అది సగం దాటితే చవక సరుకు చవకగా అమ్మడం కుదరదు. మూడవది, తరుగు ఎవరి ఖాతాలో పడుతుంది. రంగు, వంపు, సైజు వంటి లోపాలున్న కాయ నిల్వలో మొదటి రకంతో సమానంగానే ఉంటుంది. తొక్క చిట్లిన కాయ, దెబ్బ తగిలిన కాయ రెండు రోజుల్లో పక్క కాయలను కూడా పాడుచేస్తుంది. ఈ రెంటినీ రెండో రకమనే ఒకే పేరుతో కలిపి కొన్నవారికి లాభం కాగితం మీదే మిగులుతుంది.

అందువల్ల రూపలోపం, నిల్వలోపం అని సరుకును కొనేటప్పుడే విడదీయడం మేలు. మొదటిది ఇంటి పెట్టెకు పనికివస్తుంది. రెండవది అదే రోజు వంటశాలకో, ఫ్యాక్టరీకో పోవాలి. ఏ రకం సరుకు ఎక్కడికి ఎన్ని గంటల్లో చేరాలో తెలిసిన వర్తకుడి వద్ద ఏరివేత తక్కువగా ఉంటుంది. వృథా తగ్గుదల, లాభం కలిసి నడిచేది ఆ మేరకే.